వెయ్యి మీటర్ల కింద

రూపెర్ట్ ఉద్యోగమంతా కొండల ఎత్తు కొలిచే సర్వే కచేరీలో గడిచింది. కొలిచింది వేరేవాళ్లు. ఆయన కొలబద్ద నిటారుగా పట్టుకుని నిలబడేవాడు. ముప్పై నాలుగేళ్లు అలా నిలబడి, రిటైరయ్యాక ఒక పాత మోటార్‌సైకిల్ కొన్నాడు. దాని హ్యాండిల్‌కి మొదట బిగించింది అద్దం కాదు, ఎత్తు చూపించే మీటరు.

ఆస్ట్రియాలో మా టిరోల్ కొండల్లో ఒక పద్ధతి ఉంది. వెయ్యి మీటర్లు దాటితే ఎవరైనా ఎవరినైనా నువ్వు అనవచ్చు, జడ్జిగారిని కూడా. దిగాక మళ్లీ మీరు. కింద ఆ మాట మారాలంటే ఆడమనిషే ముందు అనాలి. మగవాడు అడగడం మర్యాద కాదు. మా ఊరి ఎత్తు ఎనిమిది వందల డెబ్బై. ఆ నూట ముప్పై మీటర్ల లోటే రూపెర్ట్ కష్టమంతా.

బొత్తాల కొట్టు నడిపే నోట్‌బుర్గ భర్త పోయి తొమ్మిదేళ్లు. ఆవిడ నోట ఒక్క నువ్వు కోసం రూపెర్ట్ కొన్న బొత్తాలకు సరిపడా కోట్లు ఊళ్లో లేవు.

ఇటలీలోని గార్డా సరస్సు చూడాలని ఉందని ఆవిడ అన్న మర్నాడే ఆయన వెనక సీటుకి మెత్త కుట్టించాడు. ఇద్దరే వెళ్తే ఊరు ఊరుకోదని, పక్కింట్లో రొట్టెల కొట్టు నడిపే నన్ను కూడా నా బండితో రమ్మన్నాడు.

బ్రెన్నర్ కనుమ, పదమూడు వందల డెబ్బై.

"నీ వీపేంటయ్యా ఇంతుంది! ఆస్ట్రియా అయిపోయింది, నేను చూసింది నీ కోటు కుట్టే" అంది నోట్‌బుర్గ వెనక సీట్లోంచి.

ఆయన ముఖం వెలిగిపోయింది.

స్టెర్జింగ్, తొమ్మిది వందల నలభై ఎనిమిది.

"రూపెర్ట్ గారూ, మీకు ఇబ్బంది లేకపోతే కాఫీకి ఆపుతారా?"

ఆపాడు. కాఫీ తాగలేదు.

యౌఫెన్ కనుమ రెండు వేలు దాటింది. వడగళ్లు పడ్డాయి. ఆవిడ వెనక సీట్లో గొడుగు విప్పింది. గొడుగు లోయలోకి వెళ్లిపోయింది.

"నీ వల్లే! వెళ్లి పట్టుకురా."

"ఇంకోసారి అను, వెళ్తాను."

టైరు చూడాలన్న వంకతో ఆయన ఆ వానలోనే గంటసేపు ఆపాడు. మెరానోకి దిగేసరికి ఆవిడ, "గొడుగు పోవడంలో మీ తప్పేమీ లేదండీ" అంది. టైరు తప్పు కూడా లేదు.

సరస్సుకు ముందు పెట్రోలు బంకులో ఆగాం. ఆవిడ సంచి సీటు మీద పెట్టి బాత్‌రూమ్‌కి వెళ్లింది. వెనక బరువు పడగానే రూపెర్ట్ బయల్దేరాడు. నేను కాఫీతో బయటికొచ్చేసరికి హెల్మెట్ చేత్తో పట్టుకుని ఆవిడ ఒక్కతే ఉంది.

"నా బండెక్కండి, అందుకుందాం."

"వద్దు. ఆయనే రావాలి."

ఎండలో, తోలు కోటులో, యాభై నిమిషాలు నిలబడింది.

ఆయన తల వంచుకుని వచ్చాడు. టోల్ గేటు అమ్మాయి, ఈ సంచికి హెల్మెట్ ఏదని అడిగిందట.

"నోట్‌బుర్గ గారూ, క్షమించాలి. మీరు కూర్చున్నారనుకుని..."

"నువ్వసలు మనిషివేనా? నా బరువుకీ సంచి బరువుకీ తేడా తెలీదా నీకు? ముప్పై నాలుగేళ్లు ఏం కొలిచావ్?"

"కొలిచింది వేరేవాళ్లు."

"మరి దారంతా నా మాట వినపడకపోతే అనుమానం రాలేదా?"

"నేనే మాట్లాడుతున్నాను. మనసులో ఉన్నదంతా చెప్పేశాను. మీరు కాదనలేదు. అదే... సంచి కాదనలేదు."

బంకులో పెట్రోలు పోసుకునేవాళ్లు ఇటు తిరిగారు. రూపెర్ట్‌కి అదేమీ పట్టలేదు. వంగి మీటరు చూస్తున్నాడు.

"డెబ్బై రెండు" అన్నాడు.

"ఏంటి డెబ్బై రెండు?"

"మీటర్లు."

ఆవిడా వంగి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. నేను ఖాళీ కప్పులోకి చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ సంచి తీసి నా చేతికిచ్చి, వెనక సీటు ఎక్కి హెల్మెట్ పెట్టుకుంది.

"దానికి చెప్పిందంతా నాకూ చెప్పు. మొదట్నుంచి" అంది. "మెల్లగా నడుపు. వినపడాలి."