దించిన మీసం

అహేరి నుంచి సిరోంచ పోయే బస్సుల నా పక్కన కూసున్న ముసలాయన పేరు నేను అడుగలే. మీసం మాత్రం ఇంక యాదికున్నది. తెల్లగ, గుబురుగ, కొసలు రెండు దిక్కుల పైకి లేచి ఉండె. నాకూ మీసమున్నది గని, ఆయన మీసం ముంగట అది లెక్కల్నే లేదు. నవ్వుకుంట దాన్ని మెలేసుకుంట, కిటికీల నుంచి బయటికి చూస్తున్నడు.

తోవల ఒక ఊర్ల పాత జమీందారు గడి వచ్చింది. కప్పు కూలింది, గోడల మీద చెట్లు మొలిచినయి. వాకిట్ల మేకలు తప్ప ఎవ్వరు లేరు. అది కనవడంగనే ముసలాయన గబుక్కున మూతి మీద చెయ్యి వెట్టి, మీసం కొసలు కిందికి దువ్విండు.

"గదేంది తాతా, దించినవ్?" అన్న.

"మా నాయిన ఈ గడి ముంగట మీసం దించకుండ నడిచిండని, నలుగుట్ల కూసోవెట్టి సగం మీసం గొరిగిండ్రు బిడ్డా. కడమ సగం గట్లనే ఉంచుకొని తిరుగుమన్నరు."

"ఇప్పుడు అండ్ల మేకలే ఉన్నయి గదా!"

"నాకెరుకే. ఈ చెయ్యికే ఎరుకైతలేదు."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద గాదు, ఆ కూలిన గోడల మీద. గడి దాటినంక ఆయన మల్ల మీసం మెలేసిండు గని, ఇగ నవ్వలే.

మొన్న పని మీద సర్కారు ఆఫీసుకు పోయి ఒక సాహెబ్ కుర్చీ ముంగట నిలవడ్డ. ఆయన ఇంక తలకాయ గూడ ఎత్తలే, నా చెయ్యి మీసం మీదికి పోయింది. మెలేసెటందుకు గాదు.