పేరు కింద ఖాళీ

మా చివరి అబ్బాయి పెళ్లికి ఇంకా నెల్లాళ్లుంది. మొన్న పొద్దున పత్రిక నమూనా నా ఫోనుకు పంపించాడు. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే, ఆహ్వానించేవాళ్ల వరుసలో పెద్దల్లుడి పేరు కింద సాఫ్ట్‌వేర్ ఇంజనీరని ఉంది. పుంగనూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే చిన్నల్లుడి పేరు కింద ఏమీ లేదు, ఉత్త ఖాళీ. నాకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్ల కింద అలాంటి ఖాళీని నా చేతులతో నేనే పెట్టాను.

అప్పుడు మదనపల్లెలో ఒక ప్రెస్సులో కంపోజిటర్ని. కంప్యూటర్లు రాని రోజులు, సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చే పని. తలకిందులుగా, కుడి ఎడమలు మారి ఉండే ఆ అక్షరాలను మీరు పేపరు చదివినంత సులువుగా చదివేవాణ్ని. టమోటా మండీల బిల్లు పుస్తకాల నుంచి చర్చి పాటల పుస్తకాల దాకా ఏది చేసినా, తడి ఆరని మొదటి ప్రూఫును వెలుతురుకు పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం మళ్లీ ఏ పనిలోనూ ఎరగను. అలాంటి రోజుల్లో మా మరదలి పెళ్లి పత్రిక మా ప్రెస్సుకే వచ్చింది. మామ రాసిచ్చిన కాగితంలో, ఆ ఇంటి పెద్దల్లుడైన మా తోడల్లుడి పేరు కింద బ్యాంకు ఉద్యోగం రెండు లైన్లుంది, నా పేరు కింద ఏమీ లేదు. పక్కన నిలబడి చూసిన మా ఓనరు, "నీ పేరు కింద గూడా ఏసుకో అప్పా, అచ్చరాలు నీ సేతిలోనే ఉండాయి గదా" అన్నాడు. వద్దులే అన్నాను. బ్యాంకు పక్కన కంపోజిటరనే మాట నగుబాటుగా తోచింది. మామ మీద కోపం ఎప్పుడో చల్లారింది, నా మీద నాకు ఇంకా చల్లారలేదు.

ఏడాది తిరక్కుండా ఎవరెవరి కాళ్లో పట్టుకుని కుప్పంలో ఒక గవర్నమెంటు ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా చేరాను, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు. ఇరవై తొమ్మిదేళ్లు ఎవరూ చదవని ఫైళ్లకు తాళ్లు కట్టాను. పోనీ, మామ ఇంటి తర్వాతి పెళ్లి పత్రికలో నా పేరు కింద ఉద్యోగం పడింది గదా అంటే, అప్పటికి తోడల్లుడు మేనేజరయ్యాడు! మళ్లీ నా కళ్లు ఆయన లైను మీదే.

అందుకే మొన్న ఇంట్లో అందరి మీదా అరిచాను. ఎండాకాలం తంబళ్లపల్లె పక్క రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకొచ్చి అతని షాపు ముందు కూర్చుంటారే, వాళ్ల పైరు నిలబెట్టే పనిని పత్రికలో వేయడానికి మీకు సిగ్గా అని. షాపు మూసేసి బెంగళూరులో ఏదో కంపెనీలో చేరతానంటున్నాడని చిన్నమ్మాయి చెబుతూ వచ్చింది, అతనలా ఎందుకంటున్నాడో నాకప్పుడే అర్థమైంది. సాయంత్రానికి మావాడు మోటారు మెకానిక్ అని చేర్చి మళ్లీ పంపాడు.

మర్నాడు చిన్నల్లుడే ఫోన్ చేశాడు. "వద్దు మామా, ఆ మాట తీసేయించు. సాఫ్ట్‌వేర్ అన్న పేరు పక్కన అదేం బాగుంటాది? బెంగళూరులో సేరినాక కంపెనీ పేరే ఏసుకుంటాలే."

నా గొంతే నాకు వినిపించినట్టయింది. ఫోను స్పీకరులో ఉంది, పక్కనే కూర్చున్న మావాడూ విన్నాడు.

ఆ ప్రెస్సు మూతపడి చాలా కాలమైంది, అక్షరాలన్నీ పాత సామాన్లవాడికి తూకానికి పోయాయి. ఆ రోజుల్లో ఒక మాట తీసేయాలంటే అక్షరమక్షరం పీకి దేని గడిలో దాన్ని వేయాల్సి వచ్చేది, ఆ కాసేపట్లో మనిషి మనసు మారడానికైనా వీలుండేది. ఇప్పుడు, అల్లుడికి ఏం చెప్పాలా అని నేనింకా వెతుక్కుంటుండగానే, మావాడు పత్రికలో ఆ మాట మీద వేలితో ఒక్కసారి నొక్కాడు. పోయింది.