సోమాజిగూడలో ఇత్తడి పళ్లెం

ఆ రోజుల్లో మోటారు చప్పుడు వింటే మా ఊళ్లో అన్నం గొంతు దిగేది కాదు. కేసముద్రం స్టేషనుకు రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊరికి చుట్టాలైనా పెళ్లివారైనా ఎడ్లబండి మీదే వచ్చేవారు. మోటారు వచ్చిందంటే అందులో ఊళ్ల మీద పడి దోచుకునే తుపాకులవాళ్లు ఉన్నట్టే. అందుకని ఊరంతా కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. జొన్నచేలో మంచె మీద ఒకరు కూర్చోవాలి. దూరాన మోటారు వినపడగానే ఇత్తడి పళ్లెం మీద గరిటెతో మూడేసి దెబ్బలు కొట్టాలి. అది విని ఆడవాళ్లు పొయ్యిలో నీళ్లు పోసి (పొగ కనిపిస్తే ఇంట్లో మనిషి ఉన్నట్టే కదా) పిల్లల్ని ఎత్తుకుని చేలల్లోకి పోవాలి, మగవాళ్లు వడిసెలలు అందుకోవాలి. పదకొండేళ్ల నాకు వేరే విద్యలేవీ అబ్బలేదు గానీ చెవులు మాత్రం అమోఘం. కుక్కలకన్నా ముందు నేనే వినేదాన్ని. "మా ఊరి చెవి గీ పోరే" అని పెద్దవాళ్లు అంటుంటే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ గొడవల్లో మా పంతులు ఎటో వెళ్లిపోయి బడి మూతపడింది. నాయిన నన్నూ అమ్మమ్మనూ హైదరాబాదులో సోమాజిగూడకు, చిన్నమ్మ ఇంటికి రైలెక్కించాడు. "పట్నం బడిల జాగ దొరికితె సదువుకో బిడ్డా. దొరకకపోతె పదిహేను రోజులల్ల వచ్చెయ్. కురవి దిక్కు సంబంధమొకటి ఉన్నది, లగ్గం జేస్త" అన్నాడు. (ఆ పిల్లవాణ్ణి జాతరలో చూశాను. ముక్కు చీదుకోవడం కూడా వాళ్లమ్మే నేర్పుతోంది.) ఆ ముక్కును తలుచుకుంటే నాకు చదువు మీద ఎక్కడలేని భక్తి పుట్టింది.

చిన్నాయిన ఒక వకీలు దగ్గర గుమాస్తా. వకీలుగారి బంగళా వెనక రెండు గదుల్లో వాళ్ల కాపురం. ఆ వీధి నిండా నవాబుల కాలపు దేవిడీ భవనాలు, ఎర్రకంకర దారులు. గులాబీలకు నీళ్లు పోయడానికి ఒక మనిషి, కుక్కను తిప్పుకురావడానికి ఇంకొక మనిషి. "కుక్కకు గూడ నౌకరున్నడే!" అని అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. మోటార్లకైతే లెక్కే లేదు. మొదటి రెండు రోజులు అవి వచ్చినప్పుడల్లా నేను మంచం కిందే ఉన్నాను. "ఏందే, ఎల్లి రా ఇవతలికి. ఈడ మోటార్లు మనుషులను పట్టుకపోవు, చాయ్ తాగ వస్తయి" అని చిన్నమ్మ నవ్వింది. పక్క బంగళాలో జనగామ వైపు నుంచి వచ్చిన దొర ఒకాయన ఉండేవాడు. బారెడు మీసాలు, వరండాలో పడక కుర్చీ. ఊళ్లో దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల జోరు చూసి, కోటలాంటి తన గడికి తాళం వేసి వచ్చాడని వీధంతా తెలుసు. ఆయన మాత్రం "గాలి మార్పుకు వచ్చిన" అనేవాడు.

నా కోసం వకీలుగారి భార్య ఆడపిల్లల బడి పెద్ద పంతులమ్మను తమ ఇంటికి చాయ్‌కి పిలిచింది. చిన్నమ్మ నాకు తల దువ్వి, కొత్త పరికిణీ కట్టి, ఇత్తడి పళ్లెంలో బిస్కట్లు పేర్చి చేతికిచ్చింది. "నోరు జర తక్కువ తెరువు" అని వేడుకుంది కూడా. నేను బుద్ధిగానే నడిచాను. కానీ ఆ పంతులమ్మ బడివాళ్ల పాత లారీలో వస్తుందని ఎవరూ చెప్పలేదే! అచ్చం మా ఊరి మీదికి వచ్చే లారీ గొంతే. బిస్కట్లు ఎప్పుడు పారబోశానో, గరిటె ఎక్కడ దొరకబుచ్చుకున్నానో నాకు తెలియదు. వకీలుగారి మేడ మీద నిలబడి మూడేసి దెబ్బలు వాయిస్తూ "వచ్చిండ్రో! ఉరుకుండ్రి!" అని అరుస్తున్నాను.

అమ్మమ్మ ఆలోచించలేదు, మరుగుతున్న చాయ్‌ను పొయ్యిలోనే గుమ్మరించింది. పిడికెడు కారప్పొడితో గేటు దగ్గర నిలబడింది. దానికంటే వింత పక్క బంగళాలో జరిగింది. జనగామ వైపు ఊళ్లలో ఆ పళ్లెం చప్పుడు వినపడితే సంఘం వాళ్లు గడి మీదికి వచ్చేవారట. పడక కుర్చీ ఖాళీ. కోళ్ల గూట్లోంచి దొర గొంతు మాత్రం వినిపిస్తోంది. "వెట్టి బందు జేస్త! గుంజుకున్న వడ్లన్ని వాపస్ ఇస్త! నన్నేమనకుండ్రి!"

లారీ దిగిన పంతులమ్మ (బందరు వైపు మనిషి) కారం చేతిలో అమ్మమ్మనూ, మేడ మీద నన్నూ, మీసాలకు ఈకలతో బయటికొస్తున్న దొరనూ వరసగా చూసింది. "మీరేమిటండీ అక్కడ?" అని ముందు ఆయన్నే అడిగింది.

"గుడ్లు పెట్టినయా లేవా అని సూస్తున్న" అన్నాడు దొర.

చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నా కళ్ల ముందు కురవి ముక్కు కదిలింది. "ఎందుకమ్మా కొట్టావు?" అని పంతులమ్మ నన్ను కిందికి పిలిచి అడిగింది. నాకు అబద్ధం తోచలేదు. "మోటారొస్తె కొట్టాలె. నేను కొట్టకపోతె మా అమ్మోళ్లు ఉరుకుడెట్ల?" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుంది. "రేపు బడికి పంపండి. పళ్లెం మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మనండి" అంది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదంటే నమ్మండి.

ఆ బడిలోనే చదివి, పంతులమ్మనై, పింఛను కూడా తీసుకుంటున్నాను. ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంటున్నాను. ఊరి చెవికి చెవుడు వచ్చింది. మొన్న మనవరాలు కారులో వచ్చి గేటు ముందు పావుగంట హారన్ కొట్టిందట, నాకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. విసిగిపోయి, వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, అక్కడ ఆరబెట్టిన పళ్లెం మీద గరిటెతో టంగుటంగున వాయించింది. అది మాత్రం వినపడింది. గబగబా లేచి ముందు పొయ్యి ఆర్పేసి, ఆ తర్వాత తలుపు తీశాను.