చక్రం వెనక కోడికూర

నా చిన్నప్పుడు నాకూ ఒక కొలువు ఉండేది, నవ్వకండి. కారు ఆగగానే వెనక చక్రానికి జానెడు దూరంలో రాయి పెట్టడం.

మా చిన్నమామ పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కార్లు కడిగేవాడు. డ్రైవర్ పని ఇస్తామన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. పెద్దసారు బంగళా గుట్ట మీద. ఎక్కే దారిలో, బాగా ఏటవాలుగా ఉన్నచోట గేటు. అక్కడ ఆగి మళ్ళీ కదలాలి, కారు వెనక్కి జారకూడదు. సోమవారం పరీక్ష. ఆదివారం కారు అడిగి తెచ్చుకుని పొద్దున్నుంచీ మామకు అదే పని.

చేతిబ్రేకు వదిలేవాడు, కారు జారి నా రాయికి టక్కున తగిలేది, ఇంజను ఆగిపోయేది. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఒకటే నవ్వు. "ఏందిర, కారు నడుపుతున్నవా, ఊయల ఊపుతున్నవా?"

మధ్యాహ్నం అమ్మమ్మ జొన్నరొట్టెలూ, కుండలో కోడికూరా తెచ్చింది. కొడుకు కొలువు కోసమని ఉన్న ఒక్క పుంజునూ కోసింది. కాసేపు చూసి, నా రాయి తీయించి, అదే చోట కూరకుండ పెట్టింది.

"అమ్మా, కుండ పగుల్తదే!"

"పగిలితే అందరం ఉపాసముందాం. ఎనక రాయి ఉన్నదని నీ కాలుకు ఎరుకైంది కొడుకా. గందుకే అది పని జేస్తలేదు."

"అవ్వా, నా వాటా ముందుగాల తీసిపెట్టు," అన్నాడు వాచ్‌మన్.

మామ ఈసారి తొందరపడలేదు. క్లచ్ మీది ఎడమకాలు మెల్లగా, చాలా మెల్లగా లేపాడు. ఇంజను చప్పుడు బరువెక్కింది. కారు ముక్కు కొంచెం పైకి లేచింది. అప్పుడు వదిలాడు చేతిబ్రేకు. అమ్మమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నా భుజం ఎంత నొక్కిందో, ఏం చెప్పను! కారు ఒక్కసారి వణికి, ముందుకే పోయింది. ఆ సంబరంలో మామ ఆపడమే మరిచిపోయాడు. కూరకుండ ఎత్తుకుని గుట్ట పైదాకా మేమే ఉరికాం, మా వెనక వాచ్‌మన్.

సోమవారం మామకు కొలువు దొరికింది.

ఎన్నో ఏళ్ళకు మా ఆయన పోయాక, వెనక మేమున్నాం అన్నవాళ్ళు చాలామంది. మంచివాళ్ళే. కానీ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటకు చేరిన మొదటిరోజు నలభైమందికి వండాల్సి వచ్చినప్పుడు, నేను తలుచుకున్నది వాళ్ళను కాదు. చక్రం వెనక పొగలు కక్కుతున్న ఆ కుండను. పొయ్యి వెలిగించాను.