పల్చటి తెల్లబట్ట

బోధన్ నుంచి వర్ని పోయే బస్సులో ఆ పెద్దాయన పక్కన కూర్చోగానే, ఒడిలో ఉన్న పెళ్లిచీరల సంచిని కిటికీ వైపు జరుపుకున్నాను. ఆయన మోకాళ్ల మీద కొత్త కోరా తెల్లబట్ట మడత ఉంది. అంత తెల్లబట్ట మా దిక్కు ఒక్క పనికే కొంటారు. కండక్టర్ కూడా గొంతు తగ్గించి టికెట్ ఇచ్చాడు.

"ఎవరు కాలం జేసిండ్రు బాపు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఎవ్వలు పోలే బిడ్డ. గిది సిన్మా తెర."

ఒకప్పుడు చెరుకు కొట్టే రోజుల్లో వాళ్ల ఊరి బయట టూరింగ్ టాకీస్ దిగేదట. "ఫ్యాక్టరీల చెరుకు దించి, ఖాళీ బండ్లు సీదా తెర ముందటికే తోలెటోళ్లం. ఎడ్లను ఇడిసి, బండ్లల్లనే కూసొని సూసెటోళ్లం. ఆలస్యంగ వచ్చినోళ్లు తెర ఎనుక ఆపుకునేది. ఆళ్లకు బొమ్మ ఉల్టా కనబడేది, హీరో ఎడమ చేత్తోని కొట్టెటోడు! ఇప్పుడు ఎవలింట్ల ఆళ్లు టీవీ ముందట కూసుంటుండ్రు. అందుకే అందరు ఒక్కకాడ సూడాలని సిన్మా ఏసే మిషన్ కిరాయికి మాట్లాడిన."

"ఇప్పుడు బండ్లేవి బాపు?"

"ట్రాక్టర్లు లెవ్వా?"

బట్ట అంచు వేళ్ల మధ్య నలిపి చూశాను. మరీ పల్చగా ఉంది. "షాపాయన మోసం జేసిండేమో" అన్నాను.

"నేనే అడిగి తీస్కున్న బిడ్డ. దళ్సరిదైతే ఎనుక కూసున్నోళ్లకు కనబడదు గద."

బస్సు ఒక్కసారి కుదిపింది. మడత జారి, తెల్లబట్ట కొస నా పెళ్లిచీరల మీద పడింది. ఆయన కంగారుగా తీయబోయాడు.

"ఉండనియ్యి బాపు" అన్నాను.