తేదీ అడిగే అన్న

కోరుట్లలో నెట్ సెంటర్ నడిపే అన్న ఎవరేం చెప్పినా ఒకటే అడిగేవాడు: "తేదీ చెప్పుండ్రి." తెలంగాణ ఉద్యమం రోజుల్లో కరపత్రాలు టైపు చేయించడానికి వెళ్లి, రేపో మాపో తీసుకుంటానన్నందుకు నేనూ ఆ మాట పడ్డాను.

ఆయన కంప్యూటర్లలో ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. అందులో తెలుగు ఒత్తులు అక్షరం కింద నిలవక పక్కకు జారేవి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, మా ఊళ్ల పేర్లన్నీ తెరమీద విరిగిపోయేవి.

ఒక బంద్ నాడు షట్టర్ సగం దించి, లినక్స్ తయారుచేసేవాళ్లతో ఇంటర్నెట్‌లో వచ్చీరాని ఇంగ్లీషులో వాదిస్తున్నాడు. కొత్త వెర్షన్ చెప్పిన తేదీకే రావాలా, ఒత్తుల మరమ్మతుతో సహా అన్నీ పూర్తయ్యేదాకా ఆగాలా అన్నది అక్కడి గొడవ. ఆయన తేదీ వైపు నిలబడ్డాడు.

"మరి మన ఒత్తులు?" అన్నాను.

"ఈసారికి ఒత్తులను పక్కకు పెట్టుండ్రి అని చెప్పిన అక్కా. అన్ని అయినంక ఇస్తమనేటోళ్లను ఎన్నేండ్ల సంది జూస్తలేం? మనది తర్వాతి దాంట్ల పెట్టుండ్రి, గని దాని తేదీ గిప్పుడే చెప్పుండ్రి అని రాసిన."

అవతల ముక్కూ మొహం తెలియని మనిషెవరో తేదీ చెప్పాడు. ఆ తేదీ నాడు నేను వెళ్లేసరికి అన్న మానిటర్ నావైపు తిప్పాడు. తెరమీద కోరుట్ల పేరు ఒత్తుతో సహా కుదురుగా ఉంది.

"చెప్పిన దినమే అచ్చింది అక్కా!"

ప్రింటయిన కరపత్రం అందుకున్నాను. 'రాష్ట్రం ఇస్తామన్నారు కదా' అనే నా వాక్యం కింద నేను రాయని మాట ఒకటుంది: తేదీ చెప్పుండ్రి.

తీసేయమనలేదు. ఇంకో కట్ట వేయమన్నాను.