ఎడమకి తిప్పితే ఆగే కుళాయి

ఇద్దర్నీ ‘మా ఆయన’ అంటే మీరు తికమకపడతారు. అందుకని పోయినాయన్ని ఆయన అనీ, ఇప్పటాయన్ని ప్లంబరు అనీ అంటాను. ప్లంబరు ఏమీ అనుకోడు, నిజంగానే ప్లంబరు.

ఆయన పోయేనాటికి ముప్పై రెండేళ్లు. వారం రోజుల జ్వరం, అంతే. పాపకి అప్పుడప్పుడే నడక వస్తోంది. తర్వాత మూడేళ్లు నేను బట్టల కొట్లో బిల్లింగు కౌంటరు దగ్గర నిలబడ్డాను, అత్తయ్య ఇల్లు నిలబెట్టింది. ఆయన మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఆవిడ ఏడుస్తుందని నేను, నేను ఏడుస్తానని ఆవిడ.

మళ్లీ పెళ్లి చేసుకోమని పోరు పెట్టిందీ అత్తయ్యే. తీరా సంతకాలయ్యాక, “ఆదివారం పెద్దమ్మాయి వచ్చి తీసుకెళ్తుంది. ఇంక నాకిక్కడేం పని?” అంటూ బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ లేని ఇల్లు నా ఊహకే అందదు. అయినా ఏ ముఖం పెట్టుకుని ఉండమనను?

ప్లంబరు వచ్చిన మొదటి ఉదయం వంటింట్లో చేతులు కడుక్కున్నాడు. మా కుళాయి ఎడమకి తిప్పితే ఆగుతుంది. మాకది అలవాటే. ప్లంబరు లోకమంతా తిప్పినట్టు కుడికి తిప్పాడు. ఇంకేముంది, తడిసి ముద్దయ్యాడు. పాప కిసుక్కున నవ్వింది.

“ఎవరు బిగించారిది? తప్పుపట్టడం లేదు, ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు!”

“ఆయన,” అన్నాను నీళ్లు తోసేస్తూ. ఆ మాటని కూడా అక్కడితో తోసేద్దామని.

తోసెయ్యనిస్తేగా! ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేలేదాకా ఈ మనిషికి అన్నం సహించదు. తల తుడుచుకుంటూ వెళ్లి అత్తయ్య ఎదురుగా కూర్చున్నాడు.

“పెద్దమ్మా, మీ అబ్బాయికి ఈ పని ఎవరు నేర్పారు?”

కొంప ముంచాడురా దేవుడా అనుకున్నాను.

అత్తయ్య మడతపెడుతున్న చీర పక్కన పెట్టింది. “ఎవరు నేర్పుతారు బాబూ? అన్నీ తనకే వచ్చని వాడి పొగరు. పైన వాల్వు కట్టెయ్యడం మర్చిపోయి పైపు విప్పాడు. నీళ్లు పైకప్పుదాకా! చొక్కా విప్పి పైపులో కుక్కి, ‘అమ్మా, దానికి చెప్పకే, పరువు పోతుంది’ అని ఒకటే మొత్తుకోవడం!”

దానికి అంటే నాకన్నమాట. కాపురం చేసిన నాకే తెలియని సంగతి! నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

“నాన్న కూడా తడిసిపోయాడా?” అంది పాప.

“తర్వాత?” అన్నాడు ప్లంబరు.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు గానీ, ఆ వారమంతా చెప్పే ఆవిడదే పైచేయి. ఆయన ఏ మాట నోరు తిరక్క ఏడ్చేవాడు, ఎవరి చేత తన్నులు తిన్నాడు, అన్నీ బయటికొచ్చాయి. “కుళాయి సరిచెయ్యకూడదూ?” అని నేనంటే, “అలవాటైపోయింది” అన్నాడు ప్లంబరు. ఏమీ అవలేదు, రోజూ తడుస్తూనే ఉన్నాడు.

ఆదివారం ఆడపడుచు రానే వచ్చింది. అత్తయ్య ఆయన మొదటి ఉద్యోగం కథలో ఉంది. ఆడపడుచు మూతి ముడుచుకుంది.

“ఏంటమ్మా ఇది? తమ్ముడి సంగతులన్నీ పరాయివాడి ముందా?”

అత్తయ్య గొంతు లేచింది. “నువ్వడిగావా? వాడు పోయాక ఒక్కనాడైనా నన్నెవరైనా అడిగారా? నోరు కట్టుకుని కూర్చుని కూర్చుని, వాడి గొంతెలా ఉండేదో మర్చిపోతానేమోనని భయమేసిందే నాకు. ఇతను అడిగాడు.”

నాకు కన్నీళ్లు ఆగలేదు.

“వెళ్లకండి అత్తయ్యా,” అన్నాను. “నాకూ వినాలనుంది. మీరు లేకపోతే నాకెవరు చెప్తారు?”

ఆవిడ కూతురికి కుర్చీ చూపించింది.

“కూర్చోవే. ఆ ఉద్యోగం వాడు చేరిన రోజే మానేశాడు. ఎందుకో నీకూ తెలియదు.”